మిరప చేలో మగవాళ్ల చొక్కా

చెల్లీ, ఎండలు ముదరకముందే ఈ ముచ్చట నీ చెవిన వేద్దామని కూర్చున్నాను. పోయిన మార్చిలో ముదిగొండ వెళ్లొచ్చాను. మా చిన్నమ్మ వాళ్లది ఆ మండలమే. ఖమ్మంలో దిగి నేలకొండపల్లి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. ఆ కాసేపట్లోనే కిటికీలోంచి కొట్టిన గాలికి నా మొహం పెనం మీద రొట్టె అయింది.

వెళ్లేసరికి ఇంటికి తాళం. చిన్నమ్మ మిరప ఏరడానికి పోయిందని పక్కింటావిడ చెప్పింది. సరేలే అని నేనూ చేను దాకా నడిచాను. తేజ రకం మిరప, ఎర్రగా పండి ఉంది. సాళ్లలో పదిహేను మంది దాకా వంగి ఏరుతున్నారు. దూరం నుంచి చూసి అందరూ మగవాళ్లేనేమో అనుకున్నాను. దగ్గరికి పోతే ఒక్క మగమనిషి లేడు! చీర మీద మొగుడి పాత ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు, దాని కొస ముక్కు మీదుగా తిప్పి చెవి పక్కన దోపుకోవడం. ఇదీ మన ఖమ్మం పక్క కూలికెళ్లే ఆడవాళ్ల యూనిఫారం. కొందరికి చొక్కా గుండీలు కూడా సగం లేవు.

"ఇంత ఎండలో ఇన్ని గుడ్డలా చిన్నమ్మా? ఉడికిపోవా?" అన్నాను.

"నువ్వు చేతుల్లేని జాకెట్టు వేసుకుని నిలబడ్డావుగా, ఉడికేది నువ్వే" అంది తల ఎత్తకుండానే.

పది నిమిషాలు కాలేదు, నా చేతులు మండటం మొదలెట్టాయి. ఎండకి కొంత, మిరప ఘాటుకి కొంత. ఆవిడ సంచిలోంచి ఇంకో చొక్కా తీసి నా మీదకి విసిరింది. మా చిన్నాన్నది. చంకల కింద చిరిగింది, కాలరు నలిగింది. వేసుకున్నాను. నిజం చెప్పనా, హాయిగా అనిపించింది. అప్పటి నుంచి ఆ హాయి ఎక్కడిదా అని తవ్వుకుంటూనే ఉన్నాను. తవ్విందంతా ఇవాళ నీ ముందు పోస్తున్నాను.

ముందు ఎండ సంగతి. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే మనింట్లో ఇస్త్రీ పెట్టె గుంజేటంత. వంగి పనిచేసే మనిషి వీపు మీద ఆ వేడి నేరుగా పడుతుంటే, చొక్కా దాన్ని ఒంటికి నాలుగు వేళ్ల ఎడంలోనే ఆపేస్తుంది. వదులు చొక్కా అంటే మనం మోసుకు తిరిగే పందిరి. బిగువు చొక్కా అయితే పందిరి కాదు, పెనం. వేడెక్కిన గుడ్డ తిన్నగా ఒంటికి అంటుకుంటుంది.

ఇది సగమే. మిగతా సగం చెమట దగ్గరుంది. మన చర్మం వేడి 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడి గాలిలోకి పోతుంది. మరి మే నెలలో మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు 44, 45 డిగ్రీలు కొడితే? అప్పుడు గాలే ఒంటికి వేడినిస్తుంది. ఫ్యాను వేసుకున్నా వడగాలే. ఇక వేడి బయటికి పోవడానికి మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ అంకె గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

చిన్నమ్మ వాళ్ల చేను గట్టు మీద వేపచెట్టుకి నీళ్ల సీసాలు వేలాడుతున్నాయి. ప్రతి సీసాకీ తడి గోనెపట్టా ముక్క చుట్టి ఉంది. నువ్వూ చూసే ఉంటావు. పాత పద్ధతి. గోనె తడి ఆరేకొద్దీ సీసాలో నీళ్లు చల్లబడతాయి. ఇంటికొచ్చాక నేనొక పిచ్చి పని చేశాను. మూడు స్టీలు చెంబుల నిండా గోరువెచ్చటి నీళ్లు పోశాను. ఒకదానికి ఏమీ చుట్టలేదు. రెండోదానికి తడిపిన నూలు గుడ్డ చుట్టాను. మూడోదానికి అదే తడి గుడ్డ చుట్టి, దాని మీద పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేశాను. మూడింటినీ వరండాలో గాలికి పెట్టాను. గంట తర్వాత చెయ్యి పెట్టి చూస్తే రెండో చెంబు చల్లగా ఉంది. మూడోది మాత్రం మొదటిదానికన్నా ఏమంత చల్లబడలేదు. తడి ఉంది, నీళ్లున్నాయి, కానీ ఆవిరి పోయే దారి లేదు. మా ఆయన అటుగా వచ్చి "మూడు చెంబులూ ఇక్కడుంటే నేను స్నానం దేంతో చేయాలి?" అని విసుక్కున్నాడులే.

ఆ మూడో చెంబే మనం, చెల్లీ. మే నెలలో పెళ్లికెళ్లేప్పుడు మన ఒంటి మీద ఏమేం ఉంటాయో లెక్కపెట్టు. లోపల బిగువైన ఇన్నరు. దాని మీద జాకెట్టు, ఆ జాకెట్టుకి లైనింగు, పైగా కప్పులు. కింద ఇప్పుడు కొత్తగా వచ్చిందిగా, చేపలా కనిపించాలని సాగే గుడ్డతో కుట్టిన షేప్‌వేర్ లంగా, నడుము నుంచి మోకాళ్ల దాకా ఒంటిని పట్టేసేది. దాని మీద జార్జెట్టో సింథటిక్ పట్టో. ఒక్కదాంట్లోంచి గాలి పోదు! మా పెళ్లిళ్లలో భోజనాల బల్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోయిన ఆడపిల్లల్ని ఇద్దర్ని నేనే ఎత్తాను. "ఉపవాసం ఉందేమో" అన్నారు అందరూ. ఉపవాసం కాదు, ఆ షేప్‌వేరు.

గుడ్డలో తేడా కూడా చెప్పాలి. మామూలు గాలిలో 100 గ్రాముల పత్తినూలు సుమారు 8 గ్రాముల తేమని పట్టుకుంటుంది. అంతే బరువు పాలిస్టరు అర గ్రాము కూడా పట్టుకోదు. అందుకే పాలిస్టరు చీర తొందరగా ఆరుతుంది, ఒంటి మీద చెమట మాత్రం ఎక్కడిదక్కడ జిడ్డుగా ఉండిపోతుంది. ఆటగాళ్లు వేసుకునేదీ పాలిస్టరేగా అంటావేమో. అది వేరే నేత. ఆ పోగుల సందుల్లోంచి చెమటని పైకి పీల్చి, పలచగా పరిచి ఆరబెట్టేలా అల్లుతారు. మన బజార్లో మూడొందల చీరకి ఆ భాగ్యం లేదు.

అయినా "నూలు చీరే కట్టుకోండి" అని నీతులు చెప్పను. చిన్నమ్మని అదే అడిగితే మొహం మీదే అంది. "నూలు చీరకి గంజి ఎవరు పెడతారు? ఇస్త్రీ ఎవరు చేస్తారు? మిరప మరక పడితే పోతదా? రాత్రి ఉతికింది పొద్దునకి ఆరతదా?" నాలుగూ నిజాలే. పైగా ధర. సిరిసిల్ల మరమగ్గాల మీద ఎక్కువగా వచ్చేది పాలిస్టరే. 2017 నుంచి మనకి పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు అక్కడ నేసినవే. పేదింటి బీరువాలో ఆ గుడ్డే ఎక్కువుంటే తప్పు కట్టుకున్నవాళ్లది కాదు.

నా లెక్క ఇంకోటి. పైన ఏది కట్టుకున్నా సరే, ఒంటిని అంటుకునే గుడ్డ మాత్రం నూలుదై ఉండాలి. లంగా, జాకెట్టు, ఇన్నరు. చెమట ఎక్కడ ఆరితే చల్లదనం అక్కడ. ఒంటికి ఆనిన పలచటి గుడ్డలో ఆరితే ఒంటి వేడిని లాగుతుంది. నాలుగు పొరలు దాటి పై చొక్కా మీద ఆరితే చొక్కా చల్లబడుతుంది, నువ్వు కాదు. చిన్నమ్మ తలమీది తువ్వాలుని, మెడనీ తడుపుకుంటుంది గాని పై చొక్కాని ఎప్పుడూ తడపదు. ఎందుకని అడిగితే "బరువెక్కి అంటుకుంటది" అంది. ఆవిడకి భౌతికశాస్త్రం రాదు, కానీ పొరల్ని ఎట్లా వేసుకోవాలో బాగా తెలుసు. లోపల పలచగా, తడిగా. మధ్యలో గాలి. పైన వదులుగా, పొడిగా.

మధ్యలో గాలి అన్నానుగా, దానికో కథ ఉంది. ఎడారిలో ఉండే బెదూయిన్లు నల్లటి అంగీలు వేసుకుంటారు. నలుపు ఎండని ఎక్కువ పీలుస్తుందని మనకి చిన్నప్పుడే చెప్పారుగా, మరి వాళ్లెందుకు వేసుకుంటారు? 1980లో కొందరు శాస్త్రవేత్తలు ఎడారి ఎండలో ఒక మనిషికి నల్ల అంగీ ఒకసారి, తెల్ల అంగీ ఒకసారి తొడిగి నిలబెట్టి కొలిచారు. నల్లగుడ్డ ఎక్కువే వేడెక్కింది. కానీ ఒంటికి చేరిన వేడి రెండింట్లోనూ ఒకటే. అంగీ వదులుగా ఉండటంతో లోపలి గాలి వేడెక్కి పైకి లేచి మెడ దగ్గర బయటికి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది. పొయ్యి మీద పొగగొట్టం పనిచేసినట్టే. దీన్ని చదివాక మా చిన్నాన్న చొక్కా చంకల కింది చిరుగు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను కుట్టిపెడతానంటే చిన్నమ్మ వద్దంది మరి!

ఇప్పుడు నా తెలివితక్కువ సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పకు. ముదిగొండ నుంచి వచ్చిన వేడిలో ఫోన్లో చూసి చల్లదనమిచ్చే కోటు ఒకటి కొన్నాను. నీళ్లలో ముంచి పిండి వేసుకుంటే గంటల తరబడి చల్లగా ఉంటుందట. అమ్మినవాడి పేరెందుకులే. ఏప్రిల్లో చిన్నమ్మకి తొడిగితే బ్రహ్మాండం అంది. కల్లంలో మిరపకాయలు తిరగేసే పనికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తీయలేదు. నేను గర్వంగా వాడ వాడంతా చెప్పుకున్నాను. జూలైలో నాట్లు పడ్డాయి. మడులన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి, ఆకాశం మూసుకుంది, ఆకు కదలడం లేదు. అదే కోటు వేసుకుని నాటుకి దిగింది. అరగంటకి విప్పి గట్టు మీద పారేసింది. "ఇది చల్లగా లేదే, తడి దుప్పటి కప్పుకున్నట్టుంది" అంది.

కోటు చెడిపోలేదు. గాలి మారింది. ఎండాకాలం మన గాలి పొడిగా ఉంటుంది, తడి ఇట్టే ఆరిపోతుంది. వానాకాలం గాలి అప్పటికే నీళ్లు తాగి ఉంటుంది, ఇంకెక్కడ పీలుస్తుంది? థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి కొలిచే వేడి ఒకటుంది. అది 35 డిగ్రీలకి చేరితే, నీడలో కదలకుండా కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా ఎక్కువ గంటలు తట్టుకోలేడంటారు. పనిచేసే మనిషి అంతకు ముందే కూలిపోతాడు. అందుకే 45 డిగ్రీల పొడి ఎండ కంటే ఉక్కబోత రోజే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. ఆ రోజున ఏ తడి కోటూ ఆదుకోదు. పనే ఆపాలి.

మరి పెద్దపెద్ద ఇంజనీర్లు ఏం చేశారో చూద్దామని అదీ తిరగేశాను. చంద్రుడి మీద దిగిన అపోలో వ్యోమగాములు సూటు లోపల ఒక వల బనియను వేసుకున్నారు. ఆ వలలో సన్నటి గొట్టాలు, వాటిలో చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. జపానులో సోనీ కంపెనీలో పనిచేసిన ఇచిగాయా అనే ఇంజనీరు 2004లో కంపెనీ పెట్టి ఫ్యాన్ల జాకెట్టు అమ్మాడు. నడుము వెనక రెండు బుల్లి ఫ్యాన్లు. అవి గాలి లాగితే జాకెట్టు పూరీలా పొంగుతుంది, ఆ గాలి మెడ, చేతుల దగ్గర బయటికి పోతుంది. చెమట ఆరబెట్టడమే దాని పని. అక్కడ రోడ్డు పనివాళ్లు చాలామంది ఇప్పుడవే వేసుకుంటారు. చూశావా, చిరుగు చొక్కాకి బ్యాటరీ పెట్టారంతే!

మనవాళ్లూ తక్కువేం తినలేదు. ఎంఐటీలో చదివిన మన తెలుగు ఇంజనీరు క్రాంతి విస్తాకుల హైదరాబాదులో ధామా ఇన్నోవేషన్స్ పెట్టి, వేడీ చలవా రెండూ ఇచ్చే జాకెట్టు తయారుచేశారు. పొరల మధ్యలో చిన్న చిన్న బిళ్లలు ఉంటాయి. కరెంటు పంపితే బిళ్ల ఒక పక్క చల్లబడి రెండో పక్క వేడెక్కుతుంది. కరెంటుని తిప్పి పంపితే చలవ వైపు వేడి, వేడి వైపు చలవ. 1834లో పెల్టియే అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన సంగతే ఇది. చిక్కల్లా ఆ రెండో పక్క వేడి దగ్గరుంది. దాన్ని బయటికి తోసేయకపోతే తిరిగి ఒంట్లోకే వస్తుంది. అంటే ఎంత పెద్ద యంత్రమైనా చలవని పుట్టించదు చెల్లీ, వేడిని ఇక్కడి నుంచి తీసి అక్కడ పారేస్తుంది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడు, తెలుస్తుంది. హైదరాబాదులోనే జార్ష్ అనే కంపెనీ ఏసీ హెల్మెట్టు చేసింది. తల మీద బరువు, బ్యాటరీ చార్జింగు, ధర. రోజుకూలీకి అవి ఎప్పటికి అందుతాయో.

ఇంకొకటి నాకు భలే నచ్చింది. కరిగే మైనం నింపిన కోట్లు. దీని సూత్రం నీ డ్రస్సింగ్ టేబుల్ మీదే ఉంది. కొబ్బరినూనె. చలికాలం గడ్డకడుతుంది, ఎండ తగిలితే కరుగుతుంది. కరిగేంతసేపూ వేడిని మింగుతూ కూడా తను మాత్రం వేడెక్కదు. అట్లాంటి మైనం 28 డిగ్రీల దగ్గర కరిగేలా తయారుచేసి సంచుల్లో పోసి కోటులో కుడతారు. బాగుంది కదా? ఇప్పుడు ఇందాకటి అంకె బయటికి తీయి. కిలో మైనం కరగడానికి మింగేది దాదాపు 200 కిలోజౌళ్లు. కిలో మంచుగడ్డ కరిగితే 334. లీటరు నీళ్లు ఒంటి మీద ఆవిరైతే 2400. అంటే ఒక లీటరు నీళ్ల పని చేయడానికి పన్నెండు కిలోల మైనం మోయాలి! ఆవిరి పోయే దారున్నంత వరకూ తడి తువ్వాలుని కొట్టే యంత్రం లేదు. మంచుగడ్డలు పెట్టిన కోటూ మైనం కోటూ అక్కరకొచ్చేది గాలే ఆడని చోట, చెమట ఆరని చోట.

2016లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పాలిథిన్‌తోనే ఒక గుడ్డ చేశారు. దాంట్లో కంటికి కనపడని రంధ్రాలు. ఒంటి నుంచి వెలువడే వేడి కిరణాలు దాంట్లోంచి నేరుగా బయటికి పోతాయి, నూలు కంటే రెండు డిగ్రీల చలవ అన్నారు. చుట్టూ ఉన్నది ఒంటి కంటే చల్లగా ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది. ఆఫీసు గదికి సరే. మిరప చేలో నేల, గట్టు, ఆకాశం అన్నీ మన మీదకే వేడి విసురుతుంటే ఆ కిటికీ తెరిచి లాభం లేదు.

భద్రాచలం అడవుల్లో కోయవాళ్లు ఏప్రిల్ ఆఖర్లో, మేలో తునికాకు కోస్తారు. మనకి సరిగ్గా నిప్పులు కురిసే రోజులు. వాళ్లు తెల్లవారకముందే అడవికి పోతారు. ఎండ ఎక్కేసరికి ఆకు మోపుతో ఇల్లు చేరి, చెట్టు నీడన కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కడతారు. చలవ బట్టల మీద ఎంత చదివినా నాకు దీన్ని మించింది దొరకలేదు. మన పొలాల్లో మాత్రం పొద్దున తొమ్మిదింటికి దింపి సాయంత్రం దాకా ఏరిస్తారు. ఆసాములు పని ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకి ఆపి, మళ్లీ నాలుగు తర్వాత చేయిస్తే ఏం పోతుంది? వంట, పిల్లల బడి, నీళ్లు ఆడవాళ్ల నెత్తినే ఉన్నాయి కాబట్టి ఆరింటికి రాలేరంటారు. అయితే ఆ పనిని ఇంట్లో మగవాళ్లు అందుకోవాలి. చొక్కా ఒక్కటే ఇస్తే సరిపోదుగా.

2015 మే వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. 2025 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి నాలుగు లక్షలు అంది. డబ్బు దాకా ఎందుకు రావాలి. చేలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు పెనంలా కాలుతున్నా అది మామూలు నీరసం కాదు. నీడకి లాగి, ఆ చొక్కా గుండీలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, కొంగుతోనో అట్టముక్కతోనో విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. తడి, గాలి రెండూ కలవాలి, అదే చెంబు లెక్క.

నేను మా టైలరు దగ్గరికి పోయి లైనింగు లేని నూలు జాకెట్లు నాలుగు కుట్టమన్నాను. "షేపు రాదమ్మా" అన్నాడు. "రాకపోతే పోనీ, చంకల దగ్గర ఇంకో అంగుళం వదులు పెట్టు" అన్నాను. చిన్నమ్మకి నూలు లంగాలు రెండు, మెత్తటి తువ్వాళ్లు మూడు పంపాను. చొక్కాలు కొనలేదు, చిన్నాన్నవి ఇంకా ఉన్నాయిగా.

మీ ఊళ్లో ఎండకి ఏం కట్టుకుంటారో, ఏం చుట్టుకుంటారో నాకు రాయి చెల్లీ. వడదెబ్బ తగలదని జేబులో ఉల్లిగడ్డ పెట్టుకునే సంగతి మాత్రం రాయకు, అది చిన్నమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ చొక్కా జేబులో ఇప్పటికీ ఒకటుంది.